పెద్ద స్టోర్ల నుంచి పిలుపు వచ్చింది, మా సబ్బు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మేం ఇద్దరం అక్కచెల్లెళ్ళం. ఆరేళ్ళుగా స్నానపు సబ్బులు తయారు చేస్తున్నాం. మా దగ్గర పదకొండు మంది పనిచేస్తున్నారు. దాదాపు 60 చిన్న దుకాణాలకు నెలకు 9,000 సబ్బులు వేస్తున్నాం. ఈమధ్య ఒక పెద్ద రిటైల్ చైన్ కొనుగోలు విభాగం నుంచి కబురు వచ్చింది. వాళ్ళ 140 స్టోర్లకు నెలకు 40,000 సబ్బులు కావాలట. మా పేరుతోనే ఇవ్వవచ్చు, లేదా వాళ్ళ సొంత బ్రాండు పేరు ముద్రించి ఇవ్వవచ్చు. రెండో పద్ధతికి ఒప్పుకుంటే ఆర్డర్లు ఇంకా పెంచుతామంటున్నారు. సరుకు అందిన 90 రోజులకు డబ్బు ఇస్తారు. అంత సరుకు చేయాలంటే అప్పు తెచ్చి యంత్రాలు కొనాలి. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని నేనంటున్నాను. అక్క ససేమిరా వద్దంటోంది. 15 రోజుల్లో జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం చదవగానే ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. మీ ఇద్దరి వాదనలోనూ ఆ లెక్క కనిపించలేదు కాబట్టి ముందు అదే చెబుతాను.

సబ్బు ఏ పద్ధతిలో చేస్తారో మీరు రాయలేదు. నూనెల్లో క్షారం కలిపి అచ్చుల్లో పోసి, సహజంగా ఆరనిచ్చే పద్ధతి అయితే ఆరడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది. తక్కువలో తక్కువ 30 రోజులు అనుకుందాం. ముడిసరుకు తెచ్చి పోత పూర్తి చేయడానికి 10 రోజులు. ఆరిన సబ్బును చుట్టి, పెట్టెల్లో సర్ది వాళ్ళ గోదాముకు పంపి, వాళ్ళు లెక్క చూసుకుని రసీదు ఇచ్చేసరికి మరో 10 రోజులు. అక్కడి నుంచి 90 రోజులు. మొత్తం 140 రోజులు. ఈలోగా ఆర్డరు ఆగదు కదా. మొదటి రోజున ఒక విడత మొదలుపెడితే 30వ రోజున, 60వ రోజున, 90వ రోజున, 120వ రోజున మళ్ళీ మొదలుపెట్టాలి. అంటే వాళ్ళ దగ్గర నుంచి మొదటి చెల్లింపు చేతికి వచ్చేలోగా ఐదు విడతలకు, 2,00,000 సబ్బులకు, మీరే పెట్టుబడి పెట్టాలి. ఇప్పుడు మీరు అమ్ముతున్న వేగంతో చూస్తే అది ఇరవై రెండు నెలల సరుకు. యంత్రాల అప్పు గురించి మీరు ఆలోచించారు. నూనెకు, పరిమళానికి, కాగితానికి, జీతాలకు కావలసిన అప్పు దానికంటే పెద్దది కావచ్చు.

ఆ 90 రోజుల వెనుక ఉన్న సంగతి కూడా చెప్పాలి. బాగా పోయే సబ్బు పెద్ద స్టోరులో రెండు మూడు వారాలకు మించి నిలవ ఉండదు. కొన్నవాళ్ళు అక్కడికక్కడే డబ్బు చెల్లిస్తారు. ఆ తర్వాత రెండు నెలలకు పైగా ఆ డబ్బు చైన్ దగ్గరే ఉంటుంది. దానితో మరో స్టోరు తెరుస్తారు, మరో సరుకు కొంటారు. ఒక్క మాటలో చెప్పాలంటే మీరు వాళ్ళకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు, ఆ అప్పు ఇవ్వడానికి మీరు బయట వడ్డీకి తెస్తున్నారు.

రెండో లెక్క ఇంకా ముఖ్యమైనది. 140 స్టోర్లకు 40,000 అంటే ఒక్కో స్టోరుకు నెలకు సుమారు 286 సబ్బులు, రోజుకు తొమ్మిదికి పైనే. ఇప్పుడు మీ 60 దుకాణాల్లో ఒక్కోదానిలో నెలకు 150, అంటే రోజుకు ఐదు పోతున్నాయి. ఆ ఐదూ ఎందుకు పోతున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. దుకాణం యజమాని మీ సబ్బును చేతిలోకి తీసుకుని, వాసన చూడమని అందించి, 'ఇది వాడి చూడండి' అంటారు. పెద్ద స్టోరులో ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' అనే స్టోరు తెరిచి, కొనేవాళ్ళే బుట్ట పట్టుకుని లోపలికి వెళ్ళి సరుకు ఏరుకునే పద్ధతి పెట్టాడు. అంతకుముందు గుమాస్తా చెప్పిన మాట మీద అమ్ముడైన సరుకు, ఆనాటి నుంచి తన చుట్టూ ఉన్న కాగితం మీద ఆధారపడవలసి వచ్చింది. పెద్ద కంపెనీలు ప్రకటనల మీద అంత డబ్బు పోసేది అందుకే. స్టోరులోకి అడుగు పెట్టకముందే పేరు మనసులో ఉండాలి. మీ సబ్బు పేరు ఎవరూ చెప్పని చోట, తెలిసిన పేర్ల మధ్య, ఇప్పటికంటే దాదాపు రెట్టింపు వేగంతో పోవాలని వాళ్ళు అడుగుతున్నారు. పోవచ్చు. కానీ పోతుందని ఇప్పటికి ఎవరికీ తెలియదు, వాళ్ళకు కూడా.

ఆ 40,000 ప్రతి నెలా వచ్చే ఆర్డరా, లేక 140 స్టోర్ల షెల్ఫులు మొదటిసారి నింపడానికి కావలసిన సరుకా? వాళ్ళను ఇది తప్పకుండా అడగండి. మొదటి ఆర్డరు ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది, ఎందుకంటే ఖాళీ షెల్ఫుకీ గోదాముకీ కలిపి వేస్తారు. రెండో ఆర్డరు మాత్రం అమ్ముడైనంతకే వస్తుంది. మొదటి ఆర్డరు చూసి యంత్రాలు కొని, రెండో ఆర్డరు చూసి తల పట్టుకున్నవాళ్ళను నేను చూశాను.

నేను పందొమ్మిదేళ్ళు ఒక చైన్ కొనుగోలు విభాగంలో పనిచేశాను. మీకు ఇప్పుడు ఫోను చేస్తున్నవాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. అందుకే చైన్ సొంత బ్రాండు పేరుతో సరుకు ఇచ్చే సంగతి కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను. ఆరు నెలలకోసారి మేం ప్రతి వరుసనూ సమీక్షించేవాళ్ళం. తెర మీద ప్రతి సరుకు పక్కనా కొన్ని అంకెలు ఉండేవి: వారానికి ఒక్కో స్టోరులో ఎన్ని పోయాయి, ఒక్కోదాని మీద మాకు ఎంత మిగిలింది, షెల్ఫు మీద ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు తీసుకుంది. మిగిలినదాన్ని ఆ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఆ సరుకు జాతకం. కొవ్వొత్తులు చేసే ఒకాయన మా పేరు ముద్రించిన డబ్బాలతో ఏడేళ్ళు సరుకు ఇచ్చారు. మంచి సరుకు. ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఒక సమీక్ష సమయంలో మరో తయారీదారు ఒక్కో డబ్బా కాస్త తక్కువకు ఇస్తామన్నాడు. డబ్బా మీద ఉన్న పేరు మాదే, రంగులు మావే, బొమ్మ మాదే. లోపలి కొవ్వొత్తి ఎవరు చేశారో కొనేవాళ్ళకు తెలియదు. మార్చేశాం. ఆయనకు ఫోను చేసి చెప్పవలసిన పని నాకు పడింది. ఆయన అమ్మకాల్లో ఐదింట నాలుగు వంతులు మాకే వచ్చేవని నాకు అప్పుడే తెలిసింది. కొంతసేపు అవతలి నుంచి మాట రాలేదు. తర్వాత మెల్లగా, 'మీ పేరు ముద్రించిన ఖాళీ డబ్బాలు ఆరు నెలలకు సరిపడా ఉన్నాయి, వాటిని ఏం చేయమంటారు?' అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒప్పందంలో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

ఇది చిన్నవాళ్ళకే జరుగుతుందనుకోకండి. బ్రిటన్‌లో బెయర్డ్ అనే దుస్తుల తయారీ సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే స్టోర్ల చైన్‌కు ముప్పై ఏళ్ళు సరఫరా చేసింది. ఆ స్టోర్లలో దశాబ్దాల పాటు అమ్మినదంతా 'సెయింట్ మైకేల్' అనే సొంత పేరుతోనే. కుట్టినవాళ్ళ పేరు చొక్కా మీద ఎక్కడా ఉండేది కాదు. 1999 అక్టోబరులో మార్క్స్ అండ్ స్పెన్సర్ ముందస్తు హెచ్చరిక లేకుండా, ఆ సీజను ఉత్పత్తి ముగియగానే కొనుగోళ్ళు ఆపేస్తున్నట్టు చెప్పింది. బెయర్డ్ కోర్టుకు వెళ్ళింది. ఇన్నేళ్ళ సంబంధాన్ని రాయని ఒప్పందంగా పరిగణించాలని, తగినంత గడువు ఇవ్వకుండా తెంచుకోవడం కుదరదని వాదించింది. 2001లో అప్పీలు కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఎంత కొంటారు, ఏ ధరకు కొంటారు అన్నది ఎక్కడా రాసుకోలేదు కాబట్టి, అమలు చేయడానికి ఒప్పందమంటూ ఏదీ లేదని తేల్చింది. అన్నేళ్ళ నమ్మకానికి కాగితం మీద ఆధారం లేకపోయింది.

అలాగని సొంత బ్రాండుకు సరుకు ఇవ్వడమే తప్పని నేను అనను. అమెరికాలోని ఆల్డి స్టోర్లలో 90 శాతానికి పైగా సరుకు వాళ్ళ సొంత బ్రాండ్లదే. కాస్ట్‌కో అనే అమెరికా చైన్ 1995లో మొదలుపెట్టిన 'కిర్క్‌లాండ్ సిగ్నేచర్' ఈరోజు ఎన్నో పేరున్న బ్రాండ్లకు దీటుగా నిలబడింది. వీటన్నిటి వెనుకా తయారీదారులు ఉన్నారు, వాళ్ళలో బాగుపడినవాళ్ళూ ఉన్నారు. ప్రకటనల ఖర్చు లేదు, అమ్మేవాళ్ళను పెట్టుకోనవసరం లేదు, నెలంతా యంత్రం ఆగదు. అయితే బాగుపడినవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళంతా అప్పటికే ఉన్న యంత్రాల్లో ఖాళీ సమయాన్ని అమ్ముకున్నవాళ్ళు. సొంత బ్రాండు ఆర్డరు కోసమే అప్పు చేసి యంత్రాలు కొన్నవాళ్ళు కాదు. ఆర్డరు పోయినా మొదటివాళ్ళకు ఇబ్బందే తప్ప ఇల్లు కూలదు. మీకు ఇప్పుడు ఖాళీ యంత్రం లేదు. కాబట్టి మీ విషయంలో చైన్ సొంత బ్రాండుకు నా జవాబు: ఇప్పుడు వద్దు.

ఇక మీ పేరుతో ఇచ్చే సంగతి. ఇక్కడ మీకూ వాళ్ళకూ మధ్య ఉండే బలాబలాలు తెలియాలి. 2009 నవంబరులో కాస్ట్‌కో ధర దగ్గర పేచీ వచ్చి కోకకోలా సరుకు తెప్పించడం ఆపేసింది. నెల తిరక్కుండానే రాజీ కుదిరి తిరిగి తెప్పించింది. 2024 జనవరిలో కార్ఫూర్ అనే ఫ్రెంచి చైన్ ఫ్రాన్స్‌తో పాటు మరికొన్ని యూరప్ దేశాల్లో పెప్సికో సరుకు షెల్ఫుల మీద ఉండదని ప్రకటించింది. ధరలు అన్యాయంగా పెంచారని అక్కడే బోర్డు పెట్టింది. కొన్ని నెలలకు అదీ సర్దుకుంది. ఈ రెండు చోట్లా సర్దుబాటు జరగడానికి కారణం, ఆ పేరు అడిగి కొనేవాళ్ళు ఉన్నారు. షెల్ఫు ఖాళీగా ఉంటే వాళ్ళు పక్క స్టోరుకు పోతారనే భయం చైన్‌కు ఉంది. మీ సబ్బు లేదని స్టోరు మారేవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో మీరే అంచనా వేయండి.

బలమైన పేరు ఉండీ చితికిపోయినవాళ్ళూ ఉన్నారు. ప్లాస్టిక్ డబ్బాలు, బుట్టలు చేసే రబ్బర్‌మెయిడ్‌ను 1993, 1994 సర్వేల్లో అమెరికాలో అందరికంటే ఎక్కువ గౌరవం పొందిన కంపెనీగా ఫార్చ్యూన్ పత్రిక ప్రకటించింది. ఆ వెంటనే ప్లాస్టిక్ ముడిసరుకు ధర ఎగిసింది. ధర పెంచుతామంటే వాల్‌మార్ట్ ఒప్పుకోలేదు, వాళ్ళ షెల్ఫుల్లో చోటు పోటీదారులకు పోయింది. 1999కల్లా రబ్బర్‌మెయిడ్ మరో కంపెనీలో కలిసిపోయింది. పతనానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ మీ పనికి సంబంధించిన విషయం మాత్రం సూటిగా అర్థమవుతుంది. నూనెల ధర ఏ ఏడాదీ నిలకడగా ఉండదు. ధర సవరణకు ఒప్పందంలో దారి లేకపోతే, నూనె పెరిగిన ప్రతిసారీ ఆ తేడా మీ ఇంటి నుంచే పోతుంది. నూనె ధర ఇంత శాతం మారితే సబ్బు ధర ఎన్ని రోజుల్లో ఎంత మారుతుందో ముందే రాయించుకోండి.

బిల్లులో కోతల గురించి వాళ్ళు ఇంకా చెప్పి ఉండరు. మీరు అడగండి. కొత్త సరుకును షెల్ఫు మీదికి తెచ్చినందుకు రుసుము తీసుకోవడం చాలాచోట్ల మామూలే. ప్రచారపు డిస్కౌంటు ఖర్చులో మీ వాటా, చిరిగిన పెట్టెలకు కోత, అమ్ముడుపోని సరుకు వాపసు, ఆలస్యానికి జరిమానా కూడా ఉంటాయి. వాల్‌మార్ట్ 2017లో సమయానికి, పూర్తిగా చేరని సరుకు విలువలో 3 శాతం జరిమానా వేయడం మొదలుపెట్టింది. ఆలస్యం అయితేనే కాదు, ముందే చేరినా జరిమానా పడేది. ఊహకు ఒక లెక్క చూద్దాం: మీ బిల్లు 100 అనుకుంటే, ప్రవేశ రుసుముకు 4, ప్రచారానికి 5, జరిమానాలకు 3, పాడైనవాటికి 2, వాపసుకు 6 పోతే చేతికి వచ్చేది 80. మీకు సబ్బు మీద 20 మిగులుతుంటే ఏడాదంతా చేసిన చాకిరికి ఫలితం సున్నా. వాళ్ళు చెప్పిన ధరతో కాకుండా, ఈ కోతలన్నీ పోయాక వచ్చే ధరతో మీ లాభం చూసుకోండి.

చట్టం కొంత అండగా ఉండవచ్చు. బ్రిటన్‌లో 2010 నుంచి పెద్ద చైన్లు సరఫరాదారులతో ఎలా వ్యవహరించాలో నిర్దేశించే నియమావళి ఉంది. 2013లో దానికి ప్రత్యేక పర్యవేక్షణాధికారిని కూడా పెట్టారు. సబ్బుల వంటివి కూడా దాని కిందికి వస్తాయి. యూరోపియన్ యూనియన్ 2019లో ఇలాంటి ఆదేశమే తెచ్చింది, కానీ అది ఆహార, వ్యవసాయ సరుకులకే. మీకు ఏ రక్షణ ఉందో ఒక న్యాయవాదిని కలిసి తెలుసుకోండి. చెల్లింపు గడువు మీద చిన్న సంస్థలకు ప్రత్యేక నియమం ఉందేమో ముందుగా అడగండి.

ఇప్పుడు మీరిద్దరూ ఏం చేయాలో నా అభిప్రాయం. ఒకే కొనుగోలుదారు చేతిలో మీ అమ్మకాల్లో మూడో వంతుకు మించి ఉండకూడదు. ప్రపంచంలోనే అతి పెద్ద సబ్బు, సర్ఫు కంపెనీల్లో ఒకటైన ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ అమ్మకాల్లో వాల్‌మార్ట్ వాటా 15 శాతం చుట్టుపక్కల ఉంటేనే, దాన్ని ప్రతి ఏటా వాటాదారులకు నివేదికలో చెబుతారు. వాళ్ళకే అది చెప్పుకోదగ్గ విషయమైతే మీకు మూడో వంతు ఎంత పెద్దదో చూడండి. ఇప్పుడు మీవి 9,000. ఇంకో 4,500 కలిస్తే చైన్ వాటా సరిగ్గా మూడో వంతు అవుతుంది. స్టోరుకు 286 చొప్పున అది దాదాపు 16 స్టోర్ల సరుకు. కాబట్టి 140 కాదు, 16 స్టోర్లు ఇవ్వమని అడగండి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి, మీలో ఒకరు వారానికోసారి వెళ్ళి చూసి రాగలిగినవి. మీ పేరుతోనే, ఆరు నెలలకు. మరో పూట పని పెట్టుకుంటే కొత్త యంత్రాలు లేకుండానే 13,500 చేయగలరేమో లెక్క చూసుకోండి. చెల్లింపు 30 రోజులకు అడగండి, 45 దగ్గర ఆగండి. వాపసు ఉంటే దానికి ఒక పరిమితి ఉండాలి. ఆర్డర్లు ఆపేయాలంటే మూడు నెలల ముందు చెప్పాలి, అప్పటికే తయారైన సరుకు వాళ్ళే తీసుకోవాలి. ఏ స్టోరులో ఏ వారం ఎన్ని పోయాయో ఆ వివరాలు మీకు ప్రతి వారం కావాలి. వాల్‌మార్ట్ 1991 నుంచే తన సరఫరాదారులకు ఇలాంటి సమాచారం ఇస్తోంది. ఇది అడగడం అత్యాశ ఏమీ కాదు.

ఇదంతా అడిగితే వాళ్ళు పోతారని మీకు భయం ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. కొత్త సరఫరాదారు 16 స్టోర్లు చాలంటే మాకు కోపం వచ్చేది కాదు, పని తెలిసినవాళ్ళని గుర్తించేవాళ్ళం. అంతా లేదా ఏమీ వద్దు అన్నారంటే మాత్రం, ఎక్కడో షెల్ఫు ఖాళీ అయి తొందరగా నింపుకోవాలనుకుంటున్నారని అర్థం. అది వాళ్ళ అవసరం. దానికోసం మీరు 2,00,000 సబ్బుల బరువు ఎత్తుకోకండి. మళ్ళీ రాదంటున్నారు కదా, 60 దుకాణాల్లో బాగా పోయే సబ్బుకు పిలుపు మళ్ళీ వస్తుంది. ఈ పిలుపు తెచ్చిపెట్టింది ఆ దుకాణాలే. చైన్‌కు సరుకు పంపే హడావిడిలో ఆ దుకాణాలకు ఒక్క వారం కూడా సరుకు తప్పనివ్వకండి, చైన్‌లో మీ సబ్బు ఆ దుకాణాల ధరకంటే తక్కువకు పెట్టనివ్వకండి. చైన్ అమ్మే ధర మీద ఇలా షరతు పెట్టడానికి చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో కూడా ఆ న్యాయవాదినే అడగండి.

అక్క భయాన్ని పిరికితనం అనుకోకండి. ఆమె దగ్గర లెక్క లేకపోవచ్చు, కానీ ఆమె ఆగిన చోటు సరైనదే. మీ ఉత్సాహం కూడా సరైనదే, కాకపోతే 16 స్టోర్ల మేరకు. జవాబు రాసేముందు మీరిద్దరూ ఒక సాయంత్రం ఆ చైన్ స్టోరు ఒకదానికి వెళ్ళి, సబ్బుల వరుస దగ్గర రెండు గంటలు నిలబడండి. ఎంతమంది ఆగుతున్నారు, ఎంతమంది సబ్బు తీసి వాసన చూస్తున్నారు, మోకాలి ఎత్తులో ఉన్న షెల్ఫు వైపు ఎంతమంది వంగుతున్నారు, ఒక పుస్తకంలో గీతలు పెట్టుకోండి. మీ సబ్బుకు ఏ ఎత్తులో, ఎంత వెడల్పు చోటు ఇస్తారో ఆ ఉత్తరంలోనే అడగండి. కింద ఇద్దరి సంతకాలూ పెట్టండి.